70 సంవత్సరముల వాగ్దానము

క్రైస్తవ కుటుంబములలో ఈ కాలమున తెల్లవారగనే మొదటి వాక్యము చేతిఫోనులోనే కనబడుచున్నది. ఉదయించు సూర్యుని బొమ్మమీద బంగారువన్నె అక్షరములతో 'నేటి వాగ్దానము' వాట్సాపున వచ్చును. చూచినవారు 'ఆమెన్' అని వ్రాసి, మరి నలుగురికి పంపి, మరుక్షణమే వార్తలలోనికో వీడియోలలోనికో జారిపోదురు. ఆ పంపుటలో ప్రేమ లేదని నేననను. దూరదేశమున నున్న బిడ్డకు తల్లి పంపు వాక్యము ఆశీర్వాదమే. కాని ఆ వాక్యము చెంత మనము నిలిచిన కాలమెంత?

అట్లు తరచుగ వచ్చు వాక్యములలో యిర్మీయా గ్రంథము 29వ అధ్యాయమందలి 11వ వచన మొకటి. దేవుడు తన ప్రజలకు తలపెట్టినది హాని కాదు, క్షేమమని దాని భావము. ఫోనులో అది ఒంటరిగా నుండును. గ్రంథము తెరచినచో దాని పైవచనము కంటబడును: ఆ క్షేమము 70 సంవత్సరములు నిండిన పిమ్మట గాని రాదు! ఇంకను వెనుకకు పోగా, అది క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేమునుండి బబులోనునకు చెరగొనిపోయిన వారికి ప్రవక్త వ్రాసిన ఉత్తరమని తెలియును. ఇండ్లు కట్టుకొనుడనియు, తోటలు నాటుడనియు, బిడ్డలకు పెండ్లిండ్లు చేయుడనియు, తాము చెరలోనున్న ఆ పట్టణపు క్షేమముకొరకే ప్రార్థింపుడనియు అందున్నది.

అంతకు ముందరి అధ్యాయమున హనన్యా యనువాడు దేవాలయమున నిలిచి, రెండే సంవత్సరములలో సర్వము చక్కబడునని ప్రకటించెను. యిర్మీయా సైతము మొదట దానికి 'ఆమెన్' అనెను! అయితే ఆ మాట నెరవేరినప్పుడే దానిని నమ్మదగునని పలికి, బబులోను దాస్యమునకు గురుతుగా తాను మెడమీద మోయుచున్న కాడిని హనన్యా విరిచినను వాదింపక తన దారిని వెడలిపోయెను. దైవవాక్కు అటుపిమ్మటనే వచ్చెను. ఆ వెడలిపోవుటకును వాక్కు వచ్చుటకును నడిమి మౌనమును తలచునప్పుడెల్ల నాకు ధ్యానమన నేమో బోధపడుచుండును.

పండ్రెండవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు ఆల్ప్సు కొండలలోని కార్తూసియను మఠాధిపతి రెండవ గ్యూగో, పఠనము ఆహారమును నోటికందించుననియు ధ్యానము దానిని నమలుననియు వ్రాసినాడు. నోట నున్నది మ్రింగకముందే మరియొక ముద్ద వచ్చి పడుచుండుటయే నేటి మన బాధ. ఫోనును నిందించుట న్యాయము కాదు: చూపు మందగించిన వృద్ధులు అందే అక్షరములు పెద్దవి చేసికొని చదువుచున్నారు, చదువురానివారు చెవులార వినుచున్నారు. అయినను నడుమ వచ్చి మ్రోగిన సందేశము వినువానిని బబులోనునుండి ఈడ్చివైచును. మరల మొదటినుండి ప్రయాణము.

నాడు చెరలో యిర్మీయా ఉత్తరము చదువగా విన్న నడివయస్కుడు తన వయస్సునకు 70 కలిపి చూచుకొనియే యుండును. తాను తిరిగి పోడు. అయినను ఆ వాగ్దానము అతనిదే, నాటవలసిన తోటయు అతనిదే. ఇంతటి వేదనయు ఇంతటి ఆదరణయు ఒక్కచోట నున్న వచనమును ఒక చూపుతో దాటిపోవుట నాకెంతయు దుఃఖము కలిగించును. దానికి రెండు వచనముల దిగువనే, పూర్ణహృదయముతో వెదకువారికి తాను దొరకుదునని దేవుడు ఆ చెరవారితో చెప్పియున్నాడు.