జేజినాయన ఇంజను

మా బద్వేలులో రైలుస్టేషను లేదు. బండి ఎక్కాలంటే బస్సులో కడపకు పోవలసిందే. అయినా నా బాల్యమంతా రైలుకూతతో నిండి ఉంది. ఆ కూత మా జేజినాయన నోట విన్నది. కరువు తరిమితే ఆయన వయసులో ఊరు విడిచిపోయి, దూరాన ఒక ఫ్యాక్టరీ సైడింగులో స్టీమింజను ఫైర్మనుగా ఇరవై యేళ్ళు పనిచేశాడు.

కిందటేడు ఆధునిక కవిత్వం పాఠం చెబుతూ, రైలింజను ప్రగతికి ప్రతీక అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలో నుంచి ఒక విద్యార్థిని లేచి, "సార్, దాంట్లో బొగ్గు వేసేదెవరు?" అని అడిగింది. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఫైర్మను మనవణ్ణి నేను. ఎం.ఏ. చదువు నా చేతికి ప్రతీకనిచ్చి, మనిషిని జారవిడిచింది.

రైలింజను ప్రయాణీకుల కోసం పుట్టిందని మనలో చాలామంది అనుకుంటాం. కాదు. 1804లో వేల్సు దేశంలోని పెనిడరెన్ ఇనుప కర్మాగారం పట్టాల మీద ట్రెవితిక్ నడిపిన మొదటి ఇంజను లాగింది పది టన్నుల ఇనుమును. 1814లో స్టీఫెన్సన్ తన తొలి ఇంజను కట్టింది కిల్లింగ్‌వర్త్ బొగ్గుగని కోసం. ఆ స్టీఫెన్సన్ తండ్రి గనిలో నీళ్ళు తోడే యంత్రానికి ఫైర్మను. కొడుక్కి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా చదువు రాదు. రైలు గనిలో పుట్టింది, శ్రామికుడి ఇంట పెరిగింది. మనుషులు ఎక్కడం ఆ తరువాతి మాట.

గనుల్లో, రేవుల్లో, ఫ్యాక్టరీల్లో తిరిగే ఇంజను మెయిలుబండి ఇంజను వంటిది కాదు. పొట్టిది. బొగ్గుకూ నీళ్ళకూ వెనక వేరే బండి ఉండదు. ఎద్దు వీపున గంత వేసినట్టు బాయిలరు మీదనే నీళ్ళతొట్టి పెట్టేవారు, లేదా రెండు పక్కలా తగిలించేవారు. దాని వల్ల బరువంతా లాగే చక్రాల మీదనే పడి, పట్టా మీద పట్టు కుదురుతుంది. చక్రాలు చిన్నవి కాబట్టి వేగం తక్కువ, బలం ఎక్కువ. పొట్టిది కాబట్టి యార్డులోని ఇరుకు మలుపులు తిరుగుతుంది; వెనక్కి నడిచినా ముందుకు నడిచినా ఒకటే.

పొయ్యిలోని సెగ గొట్టాల గుండా బాయిలరులోకి సాగి నీళ్ళను ఆవిరి చేస్తుంది. ఆవిరి పిస్టనును తోసి, పని తీరాక పొగగొట్టంలో నుంచి ఎగజిమ్ముతుంది. ఆ జిమ్మడమే పొయ్యిలోకి గాలిని లాగుతుంది. అంటే ఇంజను ఎంత కష్టపడితే నిప్పు అంత రాజుకుంటుంది, బొగ్గు అంత కావాలి. మనం విని ముచ్చటపడే ఆ "చుక్ చుక్" ప్రతిదీ ఫైర్మను పారకు పిలుపే. ఇంతా చేసి, బొగ్గులోని వేడిలో నూటికి పది పాళ్ళు కూడా లాగుడుకు దక్కదు. మిగిలింది గాలిలోకీ, ఫైర్మను ఒంటిలోకీ పోతుంది.

"అది ఊరకే ఉరుకుతాదనుకుంటివా అబ్బీ?" అనేవాడు జేజినాయన. "మేత పెట్టాల, నీళ్ళు పెట్టాల, బూడిద ఎత్తిపోయాల. ఎద్దన్నా రాత్రిపూట పండుకుంటాది."

ఆ మేత సింగరేణి బొగ్గు. దాని కథ కూడా వినదగినదే. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వే హక్కులు సంపాదించింది. ఆ హక్కుల బేరంలోని అవినీతి మీద 1888లో బ్రిటిషు పార్లమెంటే విచారణ సంఘం వేయవలసివచ్చింది. అయినా 1889లో బొగ్గు బయటికి వచ్చింది. అదే యేడు నిజాం రైలు బెజవాడ చేరింది. బొగ్గు రైలును పిలిచింది, రైలు బొగ్గును తిన్నది. బొగ్గును తిని బొగ్గునే మోసుకుపోయే ఇంజను! ఆ లాభం ఏ ఊరు చేరిందో వేరే చెప్పనక్కరలేదు.

మద్రాసు రైలు కడప మీదుగా పోయి 1871 నాటికే రాయచూరు చేరింది. బద్వేలుకు మాత్రం నేటికీ రాలేదు. మా నేలలో కంపెనీలకు కావలసిన బొగ్గు లేదు, ఉన్నది కరువు. మా ఊరు ఇంజనుకు ఇచ్చింది బొగ్గు కాదు, ఫైర్మన్లను.

ఇంజనును నిందించడం నా ఉద్దేశం కాదు. జేజినాయన దాన్ని ప్రేమించాడు. చివరి రోజుల్లో కూడా దాని కూత అనుకరించి మమ్మల్ని నవ్వించేవాడు. నవ్వుతున్నప్పుడు ఆయన ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు కదిలేవి. వాటిని చూస్తూ పెరిగి కూడా నేను బోర్డు మీద ప్రతీక అనే రాశాను.

మరునాడు అదే బోర్డు మీద ఇంజను బొమ్మ గీశాను. తొట్టి, పొయ్యి, చక్రాలు అన్నీ వచ్చాయి. పొయ్యి ముందు కొంచెం ఖాళీ వదిలి, నిన్న ప్రశ్న అడిగిన పిల్లను పిలిచి సుద్దముక్క ఆమె చేతికిచ్చాను. ఆమె అక్కడ ఒక మనిషిని గీసింది.