స్కూట్ చెప్పడమూ ఆటే!

ఆదివారం మధ్యాహ్నం. దిల్‌సుఖ్‌నగర్‌లో అత్తారింట భోజనాలయ్యాయి. దుప్పటి పరిచి పేక పంచారు. ఎల్బీనగర్ నుంచి వచ్చిన అల్లుడి చేతిలో 13 ముక్కలు... ఒక్క జోకరూ లేదు.

'ఏమంటారు అల్లుడుగారూ, ఆటా, స్కూటా?' అడిగారు మామగారు.

రమ్మీలో సగం తెలివి ఆ ప్రశ్నలోనే ఉంది. 101 ఆటలో ముక్క తీయకముందే దించేస్తే 20 పాయింట్లు. మధ్యలో దించితే 40. ఎదుటివాడు షో కొట్టేదాకా కూర్చుంటే 80 దాకా పడొచ్చు. బ్లాక్‌జాక్‌లోనూ అంతే. ఇంకో ముక్క అడగాలా, ఆగాలా? 21 దాటితే ఓటమే.

రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని తెలంగాణ 2017లో నిషేధించింది. అంతకుముందే అతను ఫోన్‌లో ఆడి రెండు నెలల జీతం పోగొట్టుకున్నాడు. ఆట తెలియక కాదు. పోయింది రాబట్టాలని, దించాల్సిన ముక్కల్ని దించలేక.

ఆ సంగతి ఇంట్లో భార్యకొక్కదానికే తెలుసు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

అతను ముక్కలు బోర్లా పెట్టేశాడు. 'స్కూట్ మామయ్యా... 20 రాసుకోండి!'

ఆమె నవ్వుకుంటూ టీ పెట్టడానికి లోపలికెళ్లింది.