బోర్డు మీద ఖాళీ గీత

"పొగ త్రాగరాదు" బోర్డుకి మన దేశంలో కొలతలున్నాయి. కనీసం 60 సెంటీమీటర్లకి 30 సెంటీమీటర్లు, తెల్లటి బోర్డు, ప్రతి ద్వారం దగ్గరా, ప్రతి అంతస్తులోనూ. 2003 నాటి పొగాకు చట్టం కింద 2008లో వచ్చిన నిబంధనలివి. ఆ ఏడాది గాంధీ జయంతి నుంచి అమల్లోకొచ్చాయి. హోటళ్ళు, బార్లు, సినిమా హాళ్ళు, ఆఫీసులు అన్నీ వీటి కిందికే వస్తాయి. ఇందులోనే ఇంకో మాట ఉంది: ఎవరైనా పొగ తాగుతుంటే ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో ఆ మనిషి పేరు కూడా అందరికీ కనబడేలా పెట్టాలి.

నేను చూసిన చాలా బోర్డుల్లో ఆ పేరు దగ్గర ఒక గీత మాత్రమే ఉంటుంది. గీత మీద ఏమీ ఉండదు.

నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను కాబట్టి ఆ ఖాళీ గీత నాకు బాగా తెలిసిన వ్యవహారం. మా దగ్గర టెస్టులు పాసవడం కోసమే రాసే కోడ్ ఒకటుంటుంది. టెస్టు దేన్ని అడుగుతుందో అది చేసిపెడుతుంది. అడగనిది చెయ్యదు. బోర్డు ఉందా, ఉంది. కొలత సరిపోయిందా, సరిపోయింది. వచ్చిన ఇన్‌స్పెక్టర్ టిక్కు పెట్టుకుని వెళ్ళిపోతాడు. గదిలో గాలి సంగతి టెస్టులో లేదు.

యాష్‌ట్రే కథ చూడండి. పొగ తాగకూడని చోట యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు ఇవ్వకూడదని నిబంధన. అందుకని బార్లలో యాష్‌ట్రేలు మాయమయ్యాయి. వాటి స్థానంలో అడుగున కాసిని నీళ్ళు పోసిన కాగితం కప్పు వచ్చింది. కస్టమర్ జేబులోంచి పెట్టె తీసేలోపే అది టేబుల్ మీదకి వచ్చేస్తుంది. కాగితం కప్పు యాష్‌ట్రే అని ఏ చట్టంలోనూ లేదు కదా.

ముప్ఫై లేదా అంతకంటే ఎక్కువ గదులున్న హోటళ్ళకి, ముప్ఫై లేదా అంతకంటే ఎక్కువ సీట్లున్న రెస్టారెంట్లకి, ఎయిర్‌పోర్టులకి స్మోకింగ్ గది పెట్టుకునే వెసులుబాటు ఉంది. కాకపోతే దానికి నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలుండాలి. తలుపు దానంతటదే మూసుకోవాలి. లోపలి గాలి పీడనం బయటికంటే తక్కువుండాలి, ఆ గాలి నేరుగా భవనం బయటికి పోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడ పొగ తాగడం తప్ప వేరే ఏ సర్వీసూ ఉండకూడదు. అంటే టేబుళ్ళుండవు, ఆర్డర్లుండవు, బేరర్ లోపలికి రాడు. మన నగరంలో "స్మోకింగ్ జోన్" అని రాసున్న చోట్ల నేను చూసింది మాత్రం సోఫాలు, మెనూ, ట్రే పట్టుకుని పొగలోంచి నడిచొచ్చే ఇరవై ఏళ్ళ కుర్రాడు.

ఆ కుర్రాణ్ణి చూస్తే నాకు మా మావయ్య గుర్తొస్తాడు. విజయవాడలో ఒక బార్ ఏసీ సెక్షన్లో ఇరవై రెండేళ్ళు పని చేశాడు. బేరర్‌గా చేరి కెప్టెన్ అయ్యాడు. ఏసీ గది అంటే కిటికీలు బిగించిన గది. అదే గాలి తిరిగి తిరిగి వస్తుంది. నాలుగేళ్ళ క్రితం ఆయాసమని ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకి ఎన్ని కాలుస్తారు?"

"నేను కాల్చనండి," అన్నాడు మావయ్య.

డాక్టర్ ఇంకోసారి అడిగి, నమ్మకం కుదరక నా వైపు చూశాడు. మావయ్య జన్మలో సిగరెట్ ముట్టలేదు. ఆయన ఊపిరితిత్తులు పాడవడానికి ఆ గదొక్కటే కారణమని నేను రుజువు చెయ్యలేను. కానీ పక్కవాళ్ళ పొగకి ప్రమాదం లేని మోతాదంటూ ఏదీ లేదని, గాలి శుభ్రం చేసే యంత్రాలు పెట్టినా పూర్తి రక్షణ రాదని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 2006లోనే తేల్చింది.

"నువ్వెప్పుడూ ఆర్పమని చెప్పలేదా మావయ్యా?" అనడిగాను, ఇంటికొచ్చే దారిలో.

"టిప్పు ఇచ్చేవాడికి ఎట్టా చెప్తారా?" అన్నాడు.

కాగితం మీద బాధ్యత యజమానిది, మేనేజర్‌ది. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే, గదిలో ఎంతమంది కాలిస్తే అన్ని జరిమానాలు అతని మీద పడాలి. కాల్చినవాడికి పడేది 200 రూపాయల వరకు. కానీ టేబుల్ దగ్గరికి వెళ్ళి "సార్, ఇక్కడ కాల్చకూడదండీ" అనాల్సింది ఎవరు? అందరికంటే తక్కువ జీతం ఉన్నవాడు, ఆ జీతంలో కొరత పడ్డదాన్ని టిప్పుతో పూడ్చుకునేవాడు.

2004 మార్చి 29న ఐర్లండ్ తన పబ్బులన్నిట్లో పొగ ఆపేసింది. దేశమంతటా పనిచేసే చోట్లన్నిటికీ ఇలాంటి నిషేధం పెట్టిన మొదటి దేశం అదే. ఆ వాదన నాకు నచ్చడానికి కారణం, అది కస్టమర్ దగ్గర మొదలవలేదు. పబ్బు మనకి సరదా, కౌంటర్ వెనకున్నవాడికి ఆఫీసు అన్నారు. మన నిబంధనల్లోనూ పనిచేసే చోట్లు ఉన్నాయి. మనం దాన్ని పబ్లిక్ మర్యాదగా చదువుకున్నాం గానీ కార్మికుడి హక్కుగా చదవలేదు. సాహిత్యంలోనూ అంతే అనిపిస్తుంది నాకు. వెంకటేశానికి గిరీశం నేర్పిన విద్యల్లో చుట్ట కాల్చడం ఒకటని చెప్పుకుని నవ్వుకుంటాం. పొగ ఎప్పుడూ తాగేవాడి కథే. ఎదురుగా కూర్చున్నవాడు అందులో పాత్ర కాడు.

మా ఆఫీసు నిబంధనలు అక్షరాలా పాటిస్తుంది. లోపల ఎక్కడా పొగ కనబడదు. గేటు దాటగానే టీ బండి, పాన్ డబ్బా. పన్నెండు గంటల పాటు మా అందరి పొగా ఆ టీ బండి ఆయన చుట్టూ తిరుగుతుంటుంది. అది ఆరుబయట కాబట్టి మూసిన గది కంటే నయమే. కానీ అది కూడా ఒక మనిషి పనిచేసే చోటే.

ఈమధ్య ఎక్కడికెళ్ళినా బేరర్‌ని పిలవడం మానేసి, నేరుగా కౌంటర్ దగ్గరికెళ్ళి మేనేజర్‌నే అడుగుతున్నాను: "ఈ గీత మీద ఎవరి పేరండీ?" చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. ఒకాయన మాత్రం విసుక్కుంటూనే పెన్ను తీసి తన పేరు రాశాడు. రాశాక లోపల సిగరెట్ వెలిగించినవాడి దగ్గరికి తనే వెళ్ళాల్సొచ్చింది. బేరర్ కుర్రాడు ట్రే పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నాడు.