మా యింటి అష్టావధానము

ఈ వేసవిలో మావారు కంప్యూటరు కొనదలచిరి. బజారునుండి తెచ్చిన కాగితములను సత్యనారాయణపురములోని మా వసారాలో పఱచుకొని, పెండ్లిసంబంధమునకు జాతకములు చూచినట్లు చూడసాగిరి. "దీనికి ఎనిమిది కోర్లు, దానికి నాలుగే. బెంచిమార్కు కూడ దీనిదే రెట్టింపు" అనిరి. కోరనగా లెక్కచేయు మెదడట. బెంచిమార్కనగా ఆ మెదడునకు పరీక్షలో వచ్చిన మార్కులట. ధరయు రెట్టింపేనా యని మేమడుగగా, మావారు కండ్లద్దములు తుడుచుకొనిరి.

కంప్యూటరు మాకొఱకే. మా నాయనగారు మాకు ఇంటనే ప్రబంధములు చెప్పిరి. వారి పద్యముల వ్రాతపుస్తకములు రెండింటిలో నొకదానిని చెదలు తినివేసినవి. మిగిలినదానిని చెదలెక్కని చోట వ్రాసియుంచవలెనని చీటీసొమ్ము కూర్చితిమి.

ఈ పరీక్షల పురాణమును మావారే చెప్పిరి. 1972లో ఇంగ్లండున వెట్‌స్టోను అను పరీక్ష పుట్టినది. ఆ మాటకు సానరాయి యని యర్థమైనను, చెవికి తడిరాయి యన్నట్లే వినబడును. దాని పేరుపై శ్లేషగా 1984లో డ్రైస్టోను, అనగా పొడిరాయి, వెలసినది. మాకు నవ్వాగలేదు. తడికి రుబ్బురోలు, పొడికి తిరగలి. మన తల్లులు ఈ రెండు పరీక్షలు నిచ్చినవారే కదా! వ్యాక్స్ అను పాతయంత్రము సెకనునకు 1757 మారులు పొడిరాయి త్రిప్పగా, తక్కినవానిని దానితో పోల్చి చెప్పెడివారట. పిమ్మట, ఫలితముతో నెవరికిని పనిలేని లెక్కలను చేయకయే దాటవేసి మార్కులు పెంచుకొను ఉపాయములు బయలుదేరినవట. "మీ తరగతిలో గైడు బట్టీపట్టిన పిల్లలవలెనా?" అంటిమి. మావారు నొచ్చుకొనిరి. ఆ పిల్లలవలననే బడికి పేరు.

వేడెక్కిన ప్రాసెసరు తన్ను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనునట. ఏప్రిల్ నెల బెజవాడలో పొయ్యి యెదుట మేమట్లు చేసిన యెడల మావారికి క్యారేజి యెవరు కట్టుదురు?

ఇట్టి పరీక్ష మనకు మునుపే కలదు. బందరున ఉపాధ్యాయులుగా నుండిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును (1870–1950), దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును (జననము 1872) జంటగా ఊరూర అవధానములు చేసిరి. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల లాగుచుండగా పద్యములల్లి, కడపట నన్నిటిని ధారణతో నొప్పగింపవలెను. మా వంటయింటను అదియే. అత్తగారికి రక్తపుపోటు గనుక ఉప్పు నిషిద్ధాక్షరి. సంచిలో మిగిలిన దొండకాయ, అరటికాయ దత్తపది. కుక్కరు కూతలు ఘంటాగణనము. నెలాఖరు సమస్యాపూరణము. ఈ నడుమ "నా కళ్లజోడెక్కడ?" యని మావారి అప్రస్తుత ప్రసంగము. మాకున్న కోరొక్కటే.

ఇదంతయు విని మావారు నవ్విరి. పద్యములు కొట్టుకొనుటకు నాలుగు కోర్లు చాలునని యొప్పుకొనిరి. కరెంటు పోయినను కొంతసేపు నిలుపు బ్యాటరీపెట్టె కూడ కొనుమని దుకాణమువాడు చెప్పినాడు గాని, "మా పేటలో కరెంటు పోదు" అని త్రోసివేసిరి.

మొదటినాటి సాయంకాలము ఒక సీసపద్యము కొట్టితిమి. ఎత్తుగీతి నాలుగవ పాదమునకు వచ్చుసరికి కరెంటు పోయినది. భద్రపఱచుమని యంత్రమునకు చెప్పియుండలేదు. ఆ మెదళ్లు నాలుగింటికిని ఒక్క యక్షరమైనను జ్ఞాపకము లేదు.

"అంతయు పోయినదా?" యని చీకటిలో మావారడిగిరి.

మేము పద్యమును మొదటినుండి చదివితిమి. విసనకఱ్ఱ విసరుచు, మఱియొక్కసారి చదువుమనిరి.