బాణీ మారిన మేళం

మా అక్క కొడుకు 2021 డిసెంబరులో ఫోన్ చేసి, తనకి డ్రమ్ కోర్‌లో చోటు దొరికిందని చెబితే సంతోషించాం. తరవాత వాడు పంపిన కాగితాల్లో ఆ మాట స్పెల్లింగు చూసి ఉలిక్కిపడ్డాం. రాసింది రాసినట్టు చదివితే డాక్టర్లకి మార్చురీయే గుర్తొస్తుంది మరి. చివరి రెండక్షరాలూ పలకకూడదట. సరే, మన పెళ్ళిళ్ళ బ్యాండు మేళం లాంటిదే కాబోలు అనుకుని ఊరుకున్నాం.

అంత తేలిక వ్యవహారం కాదని ఆ వేసవిలో తెలిసింది. మన సంఘంలో హైస్కూలు బ్యాండులో వాయించే పిల్లలు చాలామంది ఉన్నారు కనక కాస్త వివరంగానే రాస్తాం. డ్రమ్ కోర్‌లో ఇత్తడి బాకాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పేవాళ్ళు ఉంటారు. ఫ్లూట్లూ క్లారినెట్లూ ఉండవు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాల అండతో పెరిగిన విద్య ఇది. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ వారి మొదటి ఛాంపియన్‌షిప్ పోటీ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లో జరిగింది. 2009లో ఫైనల్స్ ఇండియానాపొలిస్‌కి, అంటే మా ఊరికి గంట దూరానికి, వచ్చాయి. పెద్ద కోర్‌లలో నూట యాభై మందికి పైగా పిల్లలు ఫుట్‌బాల్ మైదానం మీద పది పన్నెండు నిమిషాలు పరుగులు తీస్తూ వాయిస్తారు. ఆ కాసిని నిమిషాల కోసం వేసవంతా స్కూలు జిమ్ముల్లో నేల మీద పడక, రాత్రి బస్సులో ప్రయాణం, పగలు ఎండలో అభ్యాసం, రోజుకి నాలుగు పూటలా ట్రక్కులో వండిన తిండి. పైగా పిల్లలే వేల డాలర్లు కట్టాలి. "డబ్బిచ్చి మరీ నేల మీద పడుకోవడం ఏం సరదారా!" అని మా అక్క న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అనేది. వాడు ఇక్కడి యూనివర్సిటీలో చదువుతూ మా ఇంట్లోనే ఉండేవాడు కనక ఆ నింద మాకే తగిలేది.

2022 జూలైలో మేమిద్దరం వారం రోజులు సెలవు పెట్టి ఆ వంట ట్రక్కులో పనికి వెళ్ళాం. పగలు బొబ్బలకి పట్టీలు వెయ్యడం, వడదెబ్బ తగిలినవాళ్ళని నీడన పడుకోబెట్టడం, సాయంత్రం ఉల్లిపాయలు తరగడం. ఆ కోర్ మా ఊరి దగ్గర ఆడిన రోజు అందరికీ నిమ్మకాయ పులిహోర చేశాం. అంతమందిలో ఎవరికి ఎలర్జీ ఉందో తెలియదు కనక వేరుశనగ గుళ్ళు మానేశాం. గుళ్ళు లేని పులిహోర మన ఇళ్ళల్లో ఎవరూ మెచ్చరు గాని, అక్కడ గంగాళం అడుగు కనిపించింది.

ఆ కోర్ డైరెక్టరు చాలా ఏళ్ళుగా ఉన్నాయన. చిన్నప్పుడు అందులోనే వాయించాడట. ప్రదర్శనకి ముందు స్నేర్ డ్రమ్ము కుర్రాళ్ళు బస్సు పక్కన గుండ్రంగా నిలబడి ఒక పాఠం వాయించేవారు. మొదట మరీ నెమ్మదిగా, పోనుపోను జోరుగా. అది కాగితం మీద ఎక్కడా లేదు. ఎదురుగా నిలబడ్డ పెద్దవాడి చేతులు చూసి కొత్తవాడు నేర్చుకోవాలి. మావాడు మే నెల మొత్తం అలాగే నేర్చుకున్నాడు. అవి వింటే, చీకట్లో విన్నా, ఫలానా మేళమని చెప్పెయ్యొచ్చుననేవాడు. ద్వారం వారి బాణీ అని మనం అంటామే, అలాగన్నమాట.

ఆ శీతాకాలం ఆ డైరెక్టరు వెళ్ళిపోయాడు. 2023లో కొత్తాయన వచ్చాడు. ఆయనతో డ్రమ్ములు నేర్పే గురువూ, ఆ గురువుతో సహాయకులూ మారారు. 2024లో మళ్ళీ అందరూ మారారు. ఈ విద్యలో గురువులు ఏటా కోర్ నుంచి కోర్‌కి మారడం మామూలే. దుస్తులు మారాయి. పాత పాట పోయింది. ఇవన్నీ పైకి కనబడేవి. అసలు బాధ వేరు. స్నేర్ మీద కర్ర ఎంత ఎత్తు లేవాలో అంగుళాల్లో లెక్క. మణికట్టు ఎంత తిరగాలి, వేళ్ళెంత వదులుగా ఉండాలి, అన్నీ లెక్కే. ప్రతి గురువుకీ తన లెక్క ఉంటుంది. "నిరుడు నేర్చుకున్నది మరిచిపోండి" అన్నది ఇద్దరు గురువులూ మొదటి రోజున చెప్పిన మొదటి మాట.

దాంతో రెండేళ్ళు చేసినవాడూ నిన్న చేరినవాడూ ఒకటే అయ్యారు. పెద్దవాడి దగ్గర చిన్నవాడు నేర్చుకునేది ఏమీ లేకపోయింది. మా రెసిడెన్సీలో జూలై ఒకటిన కొత్త ఇంటర్నులు వస్తారు. ముందు రోజు వరకు ఇంటర్నుగా ఉన్నవాడే ఆ ఉదయం వాళ్ళకి పని చూపిస్తాడు. వార్డు నడిచేది అలాగే. ఆస్పత్రి వారు ప్రతి జూలైలోనూ పద్ధతులన్నీ మార్చేస్తే ఆ రెండో ఏడు డాక్టరు ఎవరికేం చెప్పగలడు? ఇరవై రెండు దాటితే చోటు లేని కోర్‌లో అయిదారేళ్ళకి మనుషులందరూ కొత్తవాళ్ళే.

పాత సభ్యులు మాత్రం వేరే కారణాలు చెబుతారు. పాత బ్యూగిళ్ళ కట్టుబాటు 2000లో సడలించారు, 2004లో మైకులు, 2009లో ఎలక్ట్రానిక్ వాద్యాలు రానిచ్చారు, అక్కడే చెడిందంటారు. మేడిసన్ స్కౌట్స్ 1938లో బాయ్ స్కౌట్ల నుంచి పుట్టిన కోర్, 1975లోనూ 1988లోనూ ఛాంపియన్లు. ఎనభై ఏళ్ళ తరవాత, 2019లో, ఆడపిల్లల్నీ చేర్చుకుంటామంటే దానితో బాణీ పోయిందని బాధపడ్డవాళ్ళున్నారు. ఆడపిల్లలు వస్తే పోయేది బాణీ ఎలా అవుతుందో మాకు అర్థం కాలేదు. సాంటా క్లారా వాన్‌గార్డ్‌ని 1967 నుంచి పాతికేళ్ళు గెయిల్ రాయర్ అనే ఒక్కాయన నడిపాడు. ఆయన వెళ్ళాక కూడా వాళ్ళు 1999లో మరొకరితో సమంగా, 2018లో ఒంటరిగా గెలిచారు. డబ్బు ఇబ్బందులతో 2023లో పోటీకి రాలేక, 2024లో మళ్ళీ వచ్చారు. కాబట్టి నాయకుడు మారితేనే కొంప మునగదు. (మన సంఘంలో కార్యవర్గం ఏటా మారుతుంది. హార్మోనియం ఎవరింట్లో ఉందో తెలుసుకోవడానికి కొత్త కార్యదర్శికి దసరా దాకా పడుతుంది. అయినా ఎలాగో నడుస్తోంది.)

2025 జనవరిలో ఒక రాత్రి వాడు బేస్‌మెంటులో కూర్చుని ఉన్నాడు. చేతిలో కర్రలున్నాయి గాని వాయించడం లేదు. "మామయ్యా, ఈ వేసవి నేను వెళ్ళను," అన్నాడు. అదే వాడికి చివరి ఏడు. "పేరు పాతదే గాని అది మా కోర్ కాదు. నేను వెళ్తే ఎవరి కోసం?"

నిజం చెప్పొద్దూ, మాకు లోలోపల హాయిగానే అనిపించింది. వేసవిలో మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్షకి చదువుకుంటాడనుకున్నాం. మంచి నిర్ణయం అన్నాం. వాడు మావైపు చూసి, "మీరు సంతోషిస్తారని తెలుసు అత్తయ్యా," అని మేడెక్కి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. తెల్లారి మేమే వెళ్ళమన్నాం. అక్కతో తిట్లు మేమే తిన్నాం.

జూలైలో మా ఊరి దగ్గర ఆట చూడబోయాం. తెరలు, మైకులు, మెరిసే దుస్తులు. పిల్లలు కష్టపడ్డారు, లోపం చెప్పలేం. కాని వరసగా ఏడు కోర్‌లు వచ్చాయి, అందులో మావాడిది ఏదో కార్యక్రమం కాగితం చూసి తెలుసుకోవలసి వచ్చింది. మా ముందు వరసలో పాత కోర్ జాకెట్టు వేసుకున్న ఒక ముసలాయన చివరిదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

అంతకు ముందు, మధ్యాహ్నం, పులిహోర దించడానికి బస్సుల దగ్గరికి వెళ్ళినప్పుడు ట్రక్కుల వెనకాల ఆ పాత పాఠం వినబడింది. మావాడూ, పద్ధెనిమిదేళ్ళుంటాయేమో, ఇద్దరు కొత్త కుర్రాళ్ళూ. ఒకడు చేతులు తప్పుతూ ఉంటే వీడు ఆపి మళ్ళీ మొదటి నుంచి అందుకుంటున్నాడు. గురువుగారికి తెలుసా అని అడిగాం. "ఇది భోజనాల టైము, ఆయనది కాదు," అన్నాడు.

వంట ట్రక్కులో కూడా మనిషి కొత్తే, నాలుగేళ్ళలో మూడో ఆవిడ. మమ్మల్ని చూడగానే "పసుపు అన్నం వాళ్ళు మీరేనా?" అంది. ఆవిడకి అప్పజెప్పిన జాబితాలో ఈ ఊరి పేరు పక్కన ఎవరో "పసుపు అన్నం వస్తుంది, బియ్యం నానబెట్టొద్దు" అని రాసి ఉంచారట. వచ్చే ఏడు మావాడు ఉండడని చెప్పాం. ఆవిడ పెన్సిలు చెవి మీద నుంచి తీసి, ఆ వాక్యం కొట్టెయ్యాలా, ఉంచాలా అని అడిగింది.

ఉంచమన్నాం.