చార్‌కోనీ నాన్ కొట్టు ముందు

మా సంఘంలో చిన్నా పెద్దా వ్యాపారాలు చేసుకునేవాళ్లం నెలకోసారి కలుస్తాం. ప్రార్థన, టిఫిను, ఆ తర్వాత జీఎస్టీ మీద ఏడుపు. 2019 డిసెంబరు కూడికకు పాస్టరు గారు నాకో అంశం ఇచ్చారు: ‘నీ తర్వాత ఎవరు?’ ప్రెస్సు పెట్టి ముప్ఫై ఒక్క ఏళ్లయినా దానికి జవాబు లేని నన్నే ఎందుకు ఎంచారో అర్థం కాలేదు. అర్థమైంది గానీ ఒప్పుకోలేదు.

ఏం మాట్లాడాలో తోచక పాతబస్తీకి బయల్దేరాను. వారసులు లేని ఆస్తి, వారసులున్నా చిక్కుపడిన ఆస్తి, తరాలుగా నడుస్తున్న కొట్టు, మూడూ అక్కడ కాళ్లు నొప్పెట్టకుండా చూసి రావచ్చు.

ముందు మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కుర్రతనంలోనే నిజాం దగ్గర దివాన్‌గిరీ చేసి, వదిలేసి, మిగతా జీవితమంతా వస్తువులు సేకరించారు. పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న పోయారు. సేకరణ చెదిరిపోలేదు, నిజమే. 1951 డిసెంబరు 16న ఆయన నివాసం దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. అయితే కుటుంబంలో ఆస్తి సంగతి హైకోర్టు దాకా వెళ్లి, రాజీ పత్రం రాసుకున్నాకే 1958లో అదంతా కేంద్ర ప్రభుత్వానికి చేరింది. 1961లో పార్లమెంటు చట్టం, 1968లో ఇప్పటి భవనం. ఆయన పోయాక ఆయన సామాను కుదురుకోవడానికి పందొమ్మిదేళ్లు పట్టింది. అక్కడి గడియారంలో బొమ్మ గంట కొట్టే వేళకు జనం మూగారు. నేను బయటికొచ్చేశాను.

తర్వాత పురానీ హవేలీ. అక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా చూడ్డానికి వెళ్లినవాళ్లు దాని పొడవు గురించే మాట్లాడతారు. నాకు ఆయన కొడుకు, మనవడి కొడుకు గుర్తొచ్చారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పెద్ద కొడుకు ఆజం జాను దాటేసి, మనవడు ముకర్రం జాను వారసుణ్ణి చేశారు. డూన్, హారో, కేంబ్రిడ్జి, శాండ్‌హర్స్ట్: మనవడి చదువుకు లోటేమీ లేదు. 1967లో తాత పోయాక ఆయన నెత్తిన పడినవి వేలమంది నౌకర్లు, ట్రస్టులు, కోర్టు కేసులు. చివరికి ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం పెట్టుకున్నారు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయికి నేను దాచిపెట్టిందీ అలాంటి మూటే, కాస్త చిన్నది.

హవేలీ దగ్గరే అప్పుడు మున్షీ నాన్ కొట్టు ఉండేది. 1851 నాటిది. నిజాం కొలువులో మున్షీగా ఉన్న మహమ్మద్ హుస్సేన్ మొదలుపెట్టారు, ఆ ఉద్యోగమే కొట్టుకు పేరైంది. అప్పటి నుంచీ ఆ కుటుంబమే. నాలుగు మూలలుండే చార్‌కోనీ నాన్ అక్కడి ప్రత్యేకత. పాయాలోకో నహారీలోకో పట్టుకెళ్తారు. ఆడంబరమేమీ లేదు. పిండి, నేలలోకి దిగిన బట్టీ, వేడి, బారు తీరిన జనం. నిలబడి చూశాను. ఒకరు ముద్దలు చేస్తారు, ఒకరు ఒత్తుతారు, ఒకరు బట్టీ గోడకు అంటిస్తారు. ఎవరి పని వాళ్ల చేతిలో ఉంది. పక్కవాడి చేతిలోంచి ఎవరూ లాక్కోవడం లేదు.

అక్కడే బైబిల్లోని సంఖ్యాకాండం ఇరవై ఏడో అధ్యాయం తలకెక్కింది. మోషే బతికుండగానే అందరి ఎదుటా తన వారసుడు యెహోషువ మీద చేతులుంచాడని ఎన్నోసార్లు విన్నాను. మోషే అధికారంలో ‘కొంత’ అప్పుడే అతనికి ఇవ్వమని దేవుడు చెప్పాడని ఏ ప్రసంగంలోనూ నా చెవిన పడలేదు. కొంత! వీలునామాలో మొత్తం రాసిపెట్టడం కాదది. మన తెలుగునేల మీదే 1912లో మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ తన డయోసీసులో ఒక ముక్క విడదీసి, వేదనాయకం శామ్యూల్ అజరయ్యకు దోర్నకల్ ఇప్పించారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. భారతీయుడికి ఆ పీఠమేమిటని చాలామంది అడ్డుపడ్డారు. వైట్‌హెడ్ తను పదవి దిగేదాకా ఆగలేదు.

నేనేం చేశాను? అప్పటికి నాలుగేళ్ల కిందట పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. చెక్కు మీద సంతకం పెట్టే హక్కు ఇంకెవరికీ లేక ప్రెస్సులో ఇరవై ఇద్దరికి జీతాలు ఆగిపోయాయి. మా అమ్మాయి తొమ్మిదేళ్లుగా డిజైను సెక్షను చూస్తోంది, పార్టీలతో మాట్లాడేదీ తనే. ‘కొడుకొస్తాడు’ అని తన ఎదుటే అందరితో అంటూ వచ్చాను. తను ఏ రోజూ ఏమీ అనలేదు. అది ఇంకా ఇబ్బంది.

కూడికలో నా ప్రసంగం పది నిమిషాల్లో అయిపోయింది. పాస్టరు గారు ఇంకా ఉందేమో అన్నట్టు చూశారు. తెచ్చిన ఎనిమిది నాన్లు అందరికీ పంచాను.

సోమవారం అమ్మాయిని బ్యాంకుకు తీసుకెళ్లాను. ఇప్పుడు ప్రెస్సు చెక్కులు తన సంతకంతో కూడా చెల్లుతాయి. మొదటిది కాగితం కంపెనీకి రాసింది. అంకె చూడాలని చెయ్యి లాగుతుంటే బయటికెళ్లి టీ తాగొచ్చాను.