నీటి అడుగున నివాసము

ఇంటిలో ఒక ప్రాణిని పెంచువాడు దానికి నేలను, నీటిని, గాలిని కూడ తానే సమకూర్చవలసినవాడు. ఆవు మేతకు పోయి రాగలదు, పావురము ఎగిరిపోగలదు. గాజుతొట్టిలోని చేపకు మాత్రము మనమిచ్చిన నాలుగు గోడలే లోకము. కావున చేపను ఎన్నుకొనుట యనగా అందమైన వస్తువును కొనుట కాదు. ఒక జీవి బ్రతుకునకు పూచీపడుట.

కరీంనగరములో మా అక్క కుమారునకు పుట్టినరోజు కానుకగా ఒక గాజుతొట్టి వచ్చెను. దాని పొడవు అడుగున్నర, వెడల్పు అడుగు, ఎత్తు రెండడుగులు. గది మూలలో స్తంభమువలె నిలిచి ముచ్చట గొలుపుచుండెను. పై నీటిలో తిరుగు చిన్న చేపలను వాడు ముందే నిశ్చయించుకొనెను. "మామా, అడుగున తిరుగుటకు మీసముల చేపలు కావలెను. ఏవి తెత్తము?" అని నన్నడిగెను. ఆంగ్లమున క్యాట్‌ఫిష్ అని పిలువబడు ఈ చేపలలో కొన్నింటిని మన జాలరులు జెల్లలందురు.

నేను మొదట వానిచేత ఒక లెక్క కట్టించితిని. ఆ తొట్టిలో పట్టునది మూడు ఘనపుటడుగుల నీరు, అనగా సుమారు 85 లీటర్లు. అంతే నీరు పట్టు తొట్టిని మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుతో చేయించినచో దాని నేల మూడు చదరపుటడుగులుండును. ఈ నిలువు తొట్టి నేల ఒకటిన్నర చదరపుటడుగే. నీరు సమానము, నేల సగము. అడుగున బ్రతుకు చేపకు నేలయే పొలము, నేలయే పడక. అంతేకాక, గాలి నీటిలో కలియుట పైతలమునుండి జరుగును. ఆ తలము కూడ సగమే యగుటచే, లోతున నున్న నీటికి ప్రాణవాయువు చాలినంత అందుట కష్టము.

"అట్లయిన మన నదుల జెల్లలనే తేరాదా?" అని వాడడిగెను. నా బాల్యము పాత ఆదిలాబాదు జిల్లాలో కడెం వాగు దరిని గడిచినది. రాళ్ల సందులలో చారల జెల్లలు దాగుటయు, వాని రెక్కముల్లు గుచ్చుకొని వ్రేలు వాచుటయు నేనెరుగుదును. జెల్ల చూపునకు సొగసైనదే. కాని రాత్రివేళ వేటాడి, నోటపట్టు చిన్న చేపలను మింగును. వాలుగ యన్ననో మీటరుకు మించి పెరుగు వేటచేప. మార్పు పైకి వచ్చి గాలి పీల్చునది. మూతలేని తొట్టినుండి దుమికి నేలపై ప్రాకిపోగలదు. ఇవి పారుచున్న యేళ్లకు, చెరువులకు తగినవి గాని గది మూలకు తగినవి కావు.

అంగడివాడు వ్రేలెడంత నల్లని చేపపిల్లను చూపి, "ఇది సక్కర్ చేప. గాజును శుభ్రము చేయును, వెల తక్కువ" అనెను. దక్షిణ అమెరికాకు చెందిన ఆ చేప పెరిగినచో అడుగు పొడవు దాటును. ఆ తొట్టిలో దానికి వెనుదిరుగుటకైనను చోటు చాలదు. అప్పుడు యజమాని జాలిపడి చెరువులో విడుచును. ఇట్టి చేపలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జలములలో ఇప్పటికే చేరియున్నవి. ఒంటిపై ఎముకపలకల కవచముండుటచే వానిని తిను జంతువులు తక్కువ. వాని ముళ్లు వలలను చింపును. అవి గట్లలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. కరీంనగరము చెంతనున్న దిగువ మానేరు జలాశయమును నమ్మి ఎన్నో గంగపుత్ర, ముదిరాజు కుటుంబములు బ్రతుకుచున్నవి. ఆ మానేరు గోదావరిలో కలియును. ఒక ఇంటి జాలి ఎన్ని ఇండ్ల వలలకు చేటగునో యోచింపవలెను.

ఇక మిగిలినవి కోరీడోరాస్ అను చిన్న చేపలు. ఇవియు దక్షిణ అమెరికావే. రెండున్నర అంగుళములకు మించి పెరుగుట అరుదు. 1831-36 సంవత్సరములలో బీగిల్ ఓడపై ప్రయాణించిన చార్లెస్ డార్విన్ సేకరించిన చేపలలో మచ్చల కోరీ ఒకటి. 1842లో జెనిన్స్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించెను. కోరీలు నడుమ నడుమ పైకెగసి గాలిని గుటకవేసి, ప్రేగుద్వారా ప్రాణవాయువును గ్రహించును. మన కొర్రమీను కూడ గాలికొరకు పైకి వచ్చునదే గదా! అయితే రెండడుగుల లోతునుండి మాటిమాటికి పైకి వచ్చుట అంత చిన్న చేపకు శ్రమ. కరీంనగరపు వేసవి 40 డిగ్రీలు దాటినపుడు, వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గి, ఆ శ్రమ మరింత పెరుగును. మచ్చల కోరీ చల్లని నీటిని కోరునది. కంచురంగు కోరీ వెచ్చదనమును కొంత ఓర్చును. కావున రెండవదానినే ఎన్నుకొంటిమి. ఆదిలాబాదు చలిరాత్రులలోనైతే దీనికి నీటిని వెచ్చజేయు సాధనము కూడ అవసరము.

కోరీలు ఒంటరిగా ఉండజాలవు. ఆరింటినైనను కలిపి ఉంచవలెను. మీసములు గీరుకొనకుండ అడుగున మెత్తని ఇసుక పరచితిమి. గాలిపంపు అమర్చి, నీటిని అడుగుంబావు ఎత్తువరకే నింపితిమి. చేపల మలినమును హరించు సూక్ష్మజీవులు పెరుగుటకు కొన్ని వారములు ఆగితిమి.

"మామా, పైన అంతయు ఖాళీగా కనబడుచున్నదే!" అని మేనల్లుడు చిన్నబుచ్చుకొనెను. "చూచువారికది ఖాళీయే. ఊపిరికొరకు పైకి వచ్చు చేపకు మాత్రము దారి దగ్గరయైనది" అంటిని. వాడు కొంతసేపు యోచించి, ఆ ఖాళీలో నీటిపైకి ఎదుగు మొక్కలను పెట్టుదునని చెప్పెను.

బాలలారా! మీరును చేపలను పెంచదలచినచో, తొట్టి ఎత్తును చూచి మురియకుడు. దాని నేలను కొలువుడు. పిల్ల పరిమాణమును గాక, పెరిగిన చేప పరిమాణమును అడిగి తెలిసికొనుడు. పెంచలేని దినము వచ్చినచో అంగడికి తిరిగి ఇండు, లేక పెంచగలవారికి అప్పగింపుడు. ఏటిలో మాత్రము విడువకుడు. మన తొట్టి మనది, ఏరు అందరిది.